మందు తాగలేదు, మందులో తడిశాను

మాది మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పాటన్‌బోరీ దగ్గర పల్లె. పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. 2017లో మా జిల్లాలోనే పత్తికి పురుగుమందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. అది తెలియనివాళ్లు ఇక్కడ లేరు. అయినా నన్ను ఆసుపత్రిలో దించగానే వినబడిన మొదటి మాట, "ఎందుకు తాగావు? అప్పులా, ఇంట్లో గొడవా?"

మా ఆవిడ పక్కనే ఉంది. కంటిపాపలు ముడుచుకుపోయి అంతా మసక, ఆమె ముఖం కూడా కనబడలేదు నాకు. తలెత్తు పత్తిలో మందు కొడుతుంటే పంపు కారి వీపంతా తడిసింది. విషం చర్మంలోంచే దిగింది. కేసు కాగితంలో రాసిన 'తాగాడు' అన్న మాటను మా బావ గొడవపడి కొట్టేయించాడు.

నరం నుంచి కండకు కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్. పని కాగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆర్గానోఫాస్ఫేట్ అనే ఈ రకం పురుగుమందులు పనిచేయనివ్వవు. కబురు ఆగదు. అందుకే ఆ చొంగ, చెమట, వాంతులు, తొడల్లో అదురు. విరుగుడుగా అట్రోపిన్ ఎక్కిస్తూనే ఉన్నారట.

నాకు బాగా గుర్తున్నది, గండం గడిచిందని అందరూ అనుకున్న రాత్రి. నీళ్ల కోసం తల ఎత్తబోతే మెడ లేవలేదు. పిలుద్దామంటే గొంతు రాలేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది, తెలివి మాత్రం పూర్తిగా ఉంది. పిల్లలు గుర్తొచ్చారు. నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి "తల లేపు దాదా" అంది. లేపలేకపోవడం చూసి డాక్టర్ కోసం పరుగెత్తింది. ఊపిరి ఆడించే మెషిన్ మీద పెట్టారు. విషం ఎక్కాక 24 నుంచి 96 గంటల్లో మెడ, ఊపిరి కండరాలు ఇలా పడిపోవచ్చట. ఆ తల్లి రుణం నేను తీర్చలేను.

ఇంటికొచ్చిన కొన్ని వారాలకు అరికాళ్లు తిమ్మిరి, పాదం ఈడ్పు. ఈ విషానికి పొడవాటి నరాలు చివరినుంచి దెబ్బతింటాయని, అందుకే ముందు పాదాలకే వస్తుందని చెప్పారు. ఈ సంగతి డిశ్చార్జి రోజు ఒక్కరూ చెప్పలేదు, ఆ కోపం నాకింకా ఉంది.

మందు కొట్టే మనిషికి చూపు మసకబారితే బట్టలు విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాస్త తేరుకోగానే ఇంటికి తెచ్చేయకండి.

మాహూర్ కొండ మీది రేణుకమ్మ గుడి మెట్లు ఎక్కిస్తానని మా అత్త నా పేరున మొక్కింది. ఎడమ పాదం ఇంకా మెట్టుకు తగులుతోంది. ఈ నవరాత్రికి బావ భుజం పట్టుకునైనా ఎక్కుతాను.