లెక్కల మాస్టారు నడిపిన జైలు

కంబోడియాలోని ఆంకోర్ గుళ్ల గురించి మనవాళ్లు చాలామందే రాశారు, నేను మళ్లీ రాయను. ఆ దేశ రాజధాని నామ్ పెన్‌లో బస్సు దిగగానే టుక్‌టుక్ వాళ్లు చుట్టుముట్టారు. టువోల్ స్లెంగ్ (ఒకప్పటి జైలు, ఇప్పుడు మ్యూజియం), కిల్లింగ్ ఫీల్డ్స్ (జనాన్ని చంపి పూడ్చిన పొలాలు), ఆ తర్వాత షూటింగ్ రేంజ్, అన్నీ కలిపి ఒకే రేటట! ఒళ్లు మండింది. వేలమందిని చంపిన చోటు చూసొచ్చాక తుపాకీ పేల్చాలని ఎవరికి అనిపిస్తుంది? ఒక్క టువోల్ స్లెంగ్‌కే బేరమాడి ఎక్కాను. టికెట్ కొనాలి, ఆడియో గైడ్‌కి మళ్లీ వేరే. ఖర్చే, అయినా ఆడియో మాత్రం మానకండి.

లోపల ఉన్నది ఒకప్పటి హైస్కూలు. పొడవాటి వరండాలు, వరసగా గదులు, ఆవరణలో చెట్లు. నేను పాఠం చెప్పే జిల్లా పరిషత్ హైస్కూలు లాగే ఉంది. 1975 ఏప్రిల్‌లో పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం ఊరిని పట్టుకుని జనాన్నంతా పల్లెలకు తరిమేసింది. బళ్లు మూసేసింది. ఈ బడిని ఎస్-21 అనే జైలుగా మార్చింది. క్లాసు గదుల్లో మనిషి కాళ్లు చాపుకోవడానికి కూడా చాలని ఇటుక కొట్లు కట్టారు. పై వరండాల నుంచి ఖైదీలు దూకి చనిపోకుండా ముళ్లతీగ అల్లారు. చావు కూడా వాళ్ల చేతిలో లేదన్నమాట. పిల్లలు కసరత్తు చేసే కొయ్య స్తంభాలకు మనుషుల్ని తలకిందులుగా వేలాడదీశారు.

ఫోటోల గదిలో మాత్రం చాలాసేపు ఆగిపోయాను. తెచ్చిన ప్రతి మనిషికీ ఫోటో తీసేవారు. ఆడవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, మా తొమ్మిదో తరగతి పిల్లల ఈడు కుర్రాళ్లు. ఒక్కొక్కరి ముఖం చూడకుండా ముందుకు కదలడం తప్పనిపించింది. ఇక్కడికి తెచ్చినవాళ్లు 12 వేలకు పైనే. ప్రాణాలతో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లలో ఒకరైన చుమ్ మే మెకానిక్. టైపు మిషన్లు బాగుచేయడం వచ్చు కాబట్టి బతకనిచ్చారు.

జైలు అధికారి డుచ్ అంతకుముందు లెక్కల మాస్టారు. చిత్రహింసలు పెట్టి రాయించిన వాంగ్మూలాలను శ్రద్ధగా చదివి, అంచుల్లో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టేవాడు. నేనూ లెక్కల టీచర్నే, నా సంచిలో ఎప్పుడూ ఎర్ర పెన్ను ఉంటుంది. ఆ మాట వినగానే కడుపులో తిప్పినట్టయింది, బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాను. చదువుకున్నవాళ్లంటేనే అనుమానించిన ఆ రోజుల్లో ఎందరో టీచర్లు ఇలాంటి గదుల్లోనే చచ్చిపోయారు. వాళ్లను చంపించినవాడూ టీచరే!

డుచ్‌కు 2012లో యావజ్జీవం ఖాయమైంది, 2020లో చనిపోయాడు. అతనికి పైవాడైన పోల్ పాట్ మాత్రం ఏ అంతర్జాతీయ కోర్టు బోనూ ఎక్కకుండానే 1998లో పోయాడు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.