ఏథెన్స్ పొలిమేర ఊళ్ళో ఒక డ్యాన్స్ రిహార్సల్

ఏథెన్స్‌లో జానపద నృత్యం చూడాలని ఎవర్ని అడిగినా డోరా స్ట్రాటు థియేటర్ పేరే చెప్తారు. ఆక్రోపోలిస్ దగ్గరే ఫిలోపాపు కొండ మీద, చెట్ల మధ్య ఉన్న ఆరుబయలు రంగస్థలం అది. డోరా స్ట్రాటు అనే ఆవిడ 1953లో సంస్థ పెట్టి, ఊరూరా తిరిగి పాటలు, అడుగులు, దుస్తులు, నగలు పోగుచేశారు. 1965లో ఈ థియేటర్ కట్టారు. పల్లెల నుంచి తెచ్చిన దుస్తులే రెండు వేలకు పైగా ఉన్నాయి. అవి అద్దాల పెట్టెల్లో పెట్టుకోవడానికి కాదు, ఒంటి మీద వేసుకుని ఆడతారు.

నేను అక్కడికి వెళ్ళిన రాత్రి క్లారినెట్ మొదలై, కలమతియానోస్ అనే గ్రీకు జానపద నృత్యం అందుకోగానే నా చెయ్యి దానంతట అదే తొడ మీద తాళం వేసింది. మూడు, రెండు, రెండు. అచ్చంగా మన మిశ్రచాపు తాళం నడక! ముందు నడిచే వ్యక్తి చేతిరుమాలు పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే, వెనక వరసంతా ఆ ఏడు మాత్రల మీద ఒక్కటిగా కదిలింది.

కానీ నా మనసు దోచుకుంది మాత్రం తర్వాత చూసిన రిహార్సల్. ఏథెన్స్‌కి తూర్పున, విమానాశ్రయం చుట్టుపక్కల ఉన్న ఊళ్ళలో చాలావరకు అర్వనైట్లవి. మధ్యయుగాల చివర్లో అల్బేనియా వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ వారసులు వీళ్ళు. ఆర్థడాక్స్ క్రైస్తవులు, తమని తాము గ్రీకులమనే చెప్పుకుంటారు. 1821 స్వాతంత్ర్య పోరాటంలో ఓడలు నడిపిన బుబులీనా కూడా వీళ్ళలో మనిషే. ఇళ్ళలో మాట్లాడుకున్న అర్వనీతిక భాష మాత్రం ఇప్పుడు ముసలివాళ్ళ దగ్గరే మిగిలింది.

ఊరి సాంస్కృతిక సంఘం హాల్లో సాయంత్రం డ్యూటీలు అయ్యాక ఒక్కొక్కరే వచ్చారు. మందుల షాపులో పనిచేసే ఆవిడ, బస్సు డ్రైవరు, పరీక్షల టెన్షన్‌లో ఉన్న కాలేజీ పిల్లలు. ఎవరికీ జీతం లేదు. పైగా హాలు ఖర్చులకి వాళ్ళే చందా వేసుకుంటారు. స్టేజీ మీద నాలుగు నిమిషాల్లో అయిపోయే పాట ఇక్కడ వరస చివర నిలబడ్డ పిల్లకి అడుగు పట్టుబడేదాకా సాగుతూనే ఉంది. ఎవరూ విసుక్కోలేదు. నేర్పడం అంటే ఇదీ అనిపించింది నాకు.

దుస్తులు చూసుకునే పెద్దావిడ పెట్టె తెరిచి పాత పెళ్ళి దుస్తులు చూపించింది. లోపల వేసుకునే పొడుగు అంగీ పేరు ఫుంది. దాని అంచంతా ఎర్ర పట్టుదారంతో బట్ట కనబడనంత దట్టంగా కుట్టుపని. పైన బంగారు జరీతో బిగుసుకుపోయిన పొట్టి జాకెట్టు, రొమ్ము మీద వరసలుగా నాణేలు. ఎత్తి చూశాను, చేతులు లాగేశాయి. "ఇంత బరువుతో గెంతలేం కదా! అందుకే మా ఆడవాళ్ళ అడుగులు చిన్నవి," అంది ఆవిడ. రిహార్సల్‌కి మామూలు జీన్స్‌లో వచ్చిన అమ్మాయిలకి కూడా అప్పుడప్పుడు ఆ బరువు కట్టి ఆడిస్తారట.

ఒకమ్మాయి అర్వనీతిక పాటని గ్రీకు అక్షరాల్లో రాసుకున్న కాగితం చూసి పాడుతోంది. కుర్చీలో కూర్చున్న ముసలావిడ మధ్యలో ఆపి, నోరు ఎలా తిప్పాలో చూపిస్తోంది. ఆ అమ్మాయి ఒకే పంక్తి మళ్ళీ మళ్ళీ పాడింది. ఏ మ్యూజియమూ చెయ్యలేని పని అది.

చివర్లో నన్నూ వరసలోకి లాగారు. కొత్తవాళ్ళ చోటు తోకలోనే. అక్కడున్న వాళ్ళంతా మెగారా గురించి తప్పకుండా చెప్పమన్నారు, చెప్తున్నాను. ఏథెన్స్‌కి పడమర ఉన్న ఆ ఊళ్ళో ఈస్టర్ తర్వాతి మంగళవారం ఆడవాళ్ళు త్రాతా అనే నృత్యం చేస్తారు. పక్కనున్న మనిషిని వదిలేసి, ఆ తర్వాతి మనిషి చెయ్యి పట్టుకుంటారు. చేతులన్నీ వలలా అల్లుకుంటాయి. సబర్బన్ రైలు అక్కడిదాకా వెళ్తుంది. అయితే గ్రీకుల ఈస్టర్ చాలా ఏళ్ళు మన క్యాలెండర్లో ఉండే తేదీన రాదు. వాళ్ళ ఆర్థడాక్స్ తేదీ చూసుకున్నాకే విమానం టికెట్ కొనండి.