పాత ఇంటి గోడల్లో ఇన్సులేషన్ నింపే ముందు

వూస్టర్‌లో మేముంటున్నది 1920లలో కట్టిన చెక్క ఇల్లు. లోపలివైపు సన్నటి చెక్క పట్టీల మీద ప్లాస్టర్, బయట చెక్క సైడింగ్, మధ్యలో ఉత్త ఖాళీ. మసాచుసెట్స్ చలికి ఆ గోడ ఏం ఆపుతుంది? "సైడింగ్‌కి రంధ్రాలు పెట్టి సెల్యులోజ్ నింపించేయండి, రెండ్రోజుల పని" అని తెలిసినవాళ్ళంతా చెప్పారు. సెల్యులోజ్ అంటే పాత కాగితాన్ని పీచులా చేసి, చలిని ఆపడానికి గోడలో నింపే ఇన్సులేషన్. నింపడం వరకు రెండ్రోజుల పనే. దానికి ముందు ఏం చూసుకోవాలో ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ఇన్నేళ్ళూ ఆ చెక్క కుళ్ళకుండా కాపాడింది ఇంట్లోంచి బయటికి పోయే వేడే. వాననీళ్ళు కాస్త దిగినా ఆ వేడికి ఆరిపోయేవి. ఖాళీ నింపగానే బయటి పలకలు చల్లబడతాయి. ఇక అవే నీళ్ళు దిగితే తొందరగా ఆరవు. అందుకని ముందు గట్టర్లు బాగుచేయించి, కిటికీల పైన ఫ్లాషింగ్ (నీళ్ళు గోడలోకి దిగకుండా బయటికి మళ్ళించే రేకు) వేయించాం. కిటికీ కింద పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంటే అక్కడ తేమ మీటరు పెట్టి చూడండి. చెక్కలో తేమ 20 శాతం దాటితే అది ఆరేదాకా నింపనివ్వకండి.

తర్వాత ఇంట్లో గాలి. 70 డిగ్రీల ఫారన్‌హీట్, 40 శాతం తేమ ఉన్న గాలికి 45 డిగ్రీల పలక తగిలితే చాలు, నీళ్ళు పడతాయి. జనవరిలో మా బయటి పలకలు అంతకంటే ఎంతో చల్లగా ఉంటాయి. ప్లాస్టర్ గుండా మెల్లగా దాటే ఆవిరి కొంచెమే. సందుల్లోంచి గాలితో పాటు పోయే తేమ దానికి ఎన్నో రెట్లు. ప్లగ్గు బాక్సులు, కిటికీ చట్రాల చుట్టూ, అటిక్‌లో గోడల పైకొసలు అన్నీ సీల్ చేయించాం.

మన వంటల సంగతి ఇక్కడే చెప్పాలి. అన్నం, పప్పు, సాంబారు రోజూ ఉడికే ఇంట్లో ఆవిరి ఎక్కువ. స్టవ్ మీది ఫ్యాన్ గాలిని వడగట్టి మళ్ళీ ఇంట్లోకే వదిలే రకమైతే ఆ తేమ ఎక్కడికీ పోదు. డక్ట్ బయటికి పెట్టించండి, ఇన్సులేషన్ కంటే ముందే. బాత్రూమ్ ఫ్యాన్ అటిక్‌లోకి ఊదుతుందేమో కూడా చూడండి, మా ఇంట్లో అలాగే ఉండేది. ఇప్పుడు చలికాలంలో ఇంట్లో తేమ 35 శాతం దగ్గర ఉంచుతున్నాం.

ఒక కాంట్రాక్టర్ గోడ లోపలివైపు ప్లాస్టిక్ షీట్ కొడదామన్నాడు. వద్దన్నాను. జూలై ఉక్కలో ఏసీ వేస్తే ఆ షీట్ చల్లబడి, బయటి తేమ దాని వెనక నీరవుతుంది. పైగా గోడ ఇంటివైపుకి ఆరే దారి మూసుకుపోతుంది. గట్టి ప్లాస్టర్, మామూలు లేటెక్స్ పెయింట్ మాకు సరిపోయాయి.

పాత నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ (పింగాణీ గుబ్బలు, గొట్టాల మీదుగా విడివిడిగా లాగిన వైర్లు) ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో మార్పించాలి. ఆ వైర్లు చుట్టూ గాలి ఉంటేనే చల్లబడతాయి. 1978కి ముందు ఇల్లయితే పెయింట్‌లో సీసం ఉండొచ్చు, రంధ్రాలు పెట్టేవాళ్ళకి ఆ పని తెలిసుండాలి.

సెల్యులోజ్‌ని ఘనపుటడుగుకి 3.5 పౌండ్ల దాకా దట్టించమనండి, వదులుగా నింపితే కిందికి దిగి పైన ఖాళీ పడుతుంది. ఉత్తరం వైపు ఒక కిటికీ కింద చెక్క ఇంకా తడిగానే ఉంది. ఆ భాగం నింపించలేదు. వేసవిలో మళ్ళీ మీటరు పెట్టి చూసి అప్పుడు నింపిస్తాం.