ప్యాడ్లు మార్చడం తేలికే, పిన్నుల దగ్గరే అసలు పని

కారు బ్రేకు తొక్కినప్పుడల్లా ముందు చక్రం దగ్గర సన్నగా కీచుమంటోందా? చక్రంతో తిరిగే డిస్కుని నొక్కి పట్టే బ్రేకు ప్యాడ్ అరిగి, దానికున్న చిన్న రేకు ఆ డిస్కుని గీరుతోందన్నమాట. హెచ్చరిక కోసమే పెట్టిన రేకు అది. కీచు కాస్తా గరగరగా మారిందంటే ప్యాడ్ మీద అరిగే పొర, అంటే లైనింగ్, మొత్తం అయిపోయినట్టే. ఇక ప్యాడ్లతో పోదు, డిస్కులకీ డబ్బులు తీయాలి. రాత్రి వాన పడి పొద్దున్నే బండి తీయగానే వచ్చే గరగర వేరు. డిస్కు మీద పట్టిన తుప్పు అది, వీధి చివరికి వెళ్లేలోపే పోతుంది.

కొత్త ప్యాడ్‌కి లైనింగ్ సుమారు 10 మిల్లీమీటర్లుంటుంది. 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయాలి. కొలిచేటప్పుడు వెనక ఇనుప ప్లేటుని కలపొద్దు. రోజూ విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నళ్ల మధ్య నలిగే బండికీ, హైవే మీద ఏలూరు వెళ్లొచ్చే బండికీ ప్యాడ్ల ఆయుష్షు ఒకటి కాదు. కిలోమీటర్ల లెక్క పక్కన పెట్టి, చక్రం విప్పి చూడండి. సందుల్లోంచి తొంగి చూస్తే బయటి ప్యాడ్ మాత్రమే కనబడుతుంది.

ఆటోనగర్‌లో కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే చెప్తే చాలదు. ఒకే మోడల్లో ఇంజన్‌ని బట్టి, తయారైన ఏడాదిని బట్టి ప్యాడ్లని పట్టుకుని డిస్కుకి నొక్కే కాలిపర్ మారుతుంది. ఆర్సీలోని 17 అక్షరాల ఛాసిస్ నంబరు చూపించండి, లేదా పాత ప్యాడ్ తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి. రెండు ముందు చక్రాలకీ కలిపి నాలుగు ప్యాడ్ల సెట్టు వస్తుంది. ఒక పక్కే మార్చారంటే బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకి లాగుతుంది. పనిలో పనిగా సిలికాన్ గ్రీజు ట్యూబు, బ్రేక్ క్లీనర్ డబ్బా తీసుకోండి. వెనక డిస్కులుండి హ్యాండ్ బ్రేకు బటన్‌తో పనిచేసే బండైతే, వెనక పని ఇంట్లో పెట్టుకోవద్దు. అక్కడ పిస్టన్‌ని (ప్యాడ్‌ని డిస్కు మీదకి నెట్టేది) మామూలుగా నొక్కితే హ్యాండ్ బ్రేకు మోటారు పాడవుతుంది.

సెల్లార్ ర్యాంపు మీద జాకీ ఎత్తొద్దు, చదునైన నేల కావాలి. పార్కింగ్ టైల్స్ మీద జాకీ నేరుగా పెడితే టైల్ పగిలి జాకీ ఒరుగుతుంది, కింద మందపాటి చెక్క పలక వేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఫస్ట్ గేర్లో పెట్టి, వెనక చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే వీల్ నట్లు కాస్త వదులు చేయండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా బండి కింద జాక్ స్టాండ్ పెట్టండి, విప్పిన చక్రాన్ని కూడా బండి కిందకి తోసేయండి.

కాలిపర్ వెనక రెండు బోల్టులుంటాయి, చాలా చిన్న కార్లకి 12 లేదా 14 నంబరు పానా పడుతుంది. చాలా బండ్లలో కింది బోల్టు తీస్తే కాలిపర్ పైకి లేస్తుంది. రెండూ తీయాల్సి వస్తే కాలిపర్‌ని తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి, బ్రేక్ ఆయిల్ హోస్ పైపుకి వేలాడనివ్వొద్దు. అన్నిటికీ ముందు ఫోన్లో ఫొటో తీసుకోండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క విప్పండి.

పాత ప్యాడ్లని వెంటనే పారేయకండి, బండి జబ్బు వాటి మీదే ఉంటుంది. రెండూ సమానంగా అరిగితే మంచిదే. లోపలిది బాగా అరిగి బయటిది నిండుగా ఉంటే కాలిపర్ అటూ ఇటూ జారే స్లైడ్ పిన్నులు పట్టేసి ఉండాలి, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ ఒక చివర పలచగా, ఇంకో చివర మందంగా ఉంటే ఒక పిన్ను బిగుసుకుందేమో చూడండి. ఇది వదిలేసి కొత్త ప్యాడ్లు బిగిస్తే అవీ అదే తీరున అరుగుతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లలో సింగ్‌నగర్ దగ్గర రోజుల తరబడి నానిన బండిని ఎవరైనా సెకండ్ హ్యాండ్లో కొని ఉంటే, ముందు చూడాల్సింది ఈ పిన్నులే. పిన్ను మీదుండే రబ్బరు బూటు చిరిగి బురద నీరు లోపలికి వెళ్తే గ్రీజు పోయి తుప్పు పడుతుంది.

పిన్నులు బయటికి లాగి, పాత గ్రీజు తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు బూట్లు ఉబ్బుతాయి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. కొన్నిట్లో ఒక పిన్నుకి రబ్బరు తొడుగుంటుంది, ఏది పైది ఏది కిందిదో కలిపేయకండి. వేలితో నెడితే జారి రావాలి. పిన్ను గుంటలు పడితే మార్చడమే.

పిస్టన్ నొక్కేముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. నిండుగా ఉంటే సిరంజితో కొంత తీయాలి, లేకపోతే పొంగుతుంది. పెయింటు మీద పడిన ఆయిల్ నిమిషాల్లో రంగు తినేస్తుంది, వెంటనే నీళ్లు పోయండి. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద పెట్టి సీ-క్లాంప్‌తో నెమ్మదిగా బిగించండి. కదలకపోతే బలవంతం వద్దు, లోపల తుప్పు పట్టిందో రబ్బరు సీలు పాడైందో తేలాలి, అది మెకానిక్ పని.

డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం కంటే పలచబడితే అది కూడా మార్చాలి. దుమ్ముని గాలితో ఊదొద్దు, క్లీనర్ కొట్టి గుడ్డతో తుడవండి. ప్యాడ్ రెండు చివర్లా పొడుచుకొచ్చే చెవులకి, వెనక ప్లేటుకి చుక్క గ్రీజు చాలు. లైనింగ్ మీద జిడ్డు వేలు కూడా పడనివ్వొద్దు. కాలిపర్ బోల్టులు, వీల్ నట్లు ఎంత బిగించాలో ఓనర్స్ మాన్యువల్లోనో వర్క్‌షాపు మాన్యువల్లోనో ఉంటుంది. పానా ఎక్కి నిలబడి బిగిస్తే నట్టు ఎక్కే వీల్ స్టడ్ తెగుతుంది.

స్టార్ట్ చేసేముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు నొక్కండి. మొదటి నొక్కుకి నేల దాకా వెళ్తుంది, పిస్టన్ వెనక్కి వెళ్లింది కదా. అది మర్చిపోయి గేరు వేస్తే గోడే బ్రేకు. తర్వాత ఆయిల్ మట్టం చూసుకోండి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలి కాబట్టి తెల్లవారుజామున రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు గంటకి 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మధ్యస్థంగా బ్రేకు వేస్తూ ఎనిమిది, పదిసార్లు తగ్గించండి, మధ్యలో ఒకట్రెండు నిమిషాల గ్యాపుతో. పూర్తిగా ఆపొద్దు. వేడి ప్యాడ్ ఒకేచోట అంటుకుని డిస్కు వణుకుతుంది. ఇంటికొచ్చాక రెండు ముందు చక్రాల దగ్గర చేయి పెట్టి చూడండి, డిస్కుని ముట్టుకోవద్దు. ఒక పక్క మరీ ఎక్కువ వేడిగా ఉంటే ఆ పక్క పిన్నో పిస్టనో వదలడం లేదు, మళ్లీ విప్పాల్సిందే. 50 కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు ఇంకోసారి చూసుకోండి.