సోయకూర కట్ట, ఒక ఫొటో

చార్మినార్ దగ్గర మెడలో కెమెరా వేసుకుని నిలబడితే చాలు, మనం ఎవరినీ అడగక్కర్లేదు. గాజులమ్మే కుర్రాడు, ఆటో అన్న, స్కూలు పిల్లలు "మేడమ్, మాదొకటి తియ్యండి" అని వాళ్లే ముందుకొస్తారు. అదే అలవాటుతో ఆగస్టు చివర్లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో దిగాను. మొదటి రోజు నేవ్‌స్కీ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు, నాలుగున్నర కిలోమీటర్లు, నడిచాను. కెమెరా ఎత్తితే ముఖం తిప్పుకునేవాళ్లు కొందరు, "నెత్" అని చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు కొందరు. మామూలు మనుషుల ముఖాల కోసం అంత దూరం వెళితే, సాయంత్రానికి నా దగ్గర మిగిలింది నేవా నది గట్టు మీద గాలం వేసిన ఒకాయన వీపు మాత్రమే. ఏడుపొచ్చినంత పనైంది.

పైగా డబ్బుల టెన్షన్. మన బ్యాంకు కార్డులు 2022 నుంచి అక్కడ చెల్లడం లేదు. అంతా నగదే. డాలర్లు మార్చుకోవడం, నోట్లు లెక్కపెట్టుకోవడం. రూబుల్ అంటే ఇంచుమించు మన రూపాయే కాబట్టి, ప్రతి కాఫీ ధరా నేరుగా గుండెకు తగులుతుంది.

హెర్మిటేజ్ మ్యూజియం, రాజభవనాలున్న పీటర్‌హాఫ్‌లకు రెండు రోజులు పోయాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు.

నాలుగో రోజు వ్లదీమిర్‌స్కయ మెట్రో బయటికి రాగానే ఒక వాసన నన్ను ఆపేసింది. సోయకూర! మా సిద్దిపేటలో నాయనమ్మ అంగడికి కట్టలు కట్టి తీసుకెళ్లే అదే సోయకూర. కుజ్నెచ్నీ మార్కెట్‌కు వెళ్లే సందు మొదట్లో వరసగా నలుగురైదుగురు ముసలివాళ్లు కూర్చున్నారు. బోర్లించిన చెక్కపెట్టె, దాని మీద పాత న్యూస్‌పేపరు, పేపరు మీద తమ తోటలో పండినవి. రచయిత దొస్తోయెవ్‌స్కీ చివరి రోజులు గడిపిన ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, అదే సందులో ఉంది. నిజానికి నేను బయల్దేరింది అక్కడికే. వెళ్లనే లేదు.

సోయకూర ముందున్న అవ్వకు ఎనభై దగ్గర పడి ఉంటాయి. కెమెరా చూపించి సైగ చేశాను. "నెల్జ్యా." వద్దంది. సరేనని కెమెరా సంచిలో పెట్టేసి, ఒక కట్ట తీసుకుని వాసన చూశాను. "ఉక్రోప్," అంది. "సోయకూర," అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుంది, "సోయా... సోయకూరా." ఎర్రటి చిన్న పళ్లు కూడా ఉన్నాయి, రెడ్ కరెంట్ అంటారు వాటిని. గాజు గ్లాసుతో కొలిచి అమ్ముతోంది, మన దగ్గర రేగుపళ్లు సోలతో కొలిచినట్టు. గ్లాసు రెండు వందల యాభై రూబుళ్లు! నోరెళ్లబెట్టాను. లోపల మార్కెట్లో ఇంకా ఎక్కువని చేత్తో సైగ చేసింది.

కొలిచేటప్పుడు నాలుగైదు పళ్లు కింద రాలాయి. వంగి ఒక్కొక్కటే ఏరి, ఊది, గ్లాసులో కాదు, తన నోట్లో వేసుకుంది. కాళ్ల నొప్పితో వంగడానికి అంత కష్టపడుతున్న మనిషి ఆ నాలుగు పళ్లను వదల్లేదు. నా చూపు అర్థమైందేమో, నా ఫోన్‌లోని అనువాదం యాప్‌లో చెప్పింది: "మా అమ్మ దిగ్బంధంలో బతికిన మనిషి."

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊరిని జర్మన్ సైన్యం 1941 సెప్టెంబర్ 8 నుంచి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు, చుట్టుముట్టి ఉంచింది. 1941 నవంబర్, డిసెంబర్ నెలల్లో పిల్లలకు, ముసలివాళ్లకు రోజుకు 125 గ్రాముల రొట్టె ఇచ్చేవారు. మరుసటి ఏడాది ఐజాక్ కెథెడ్రల్ ముందున్న చౌరస్తాలో క్యాబేజీ పండించారు. నేవ్‌స్కీ 14వ నంబరు భవనం గోడ మీద ఆనాటి నీలం హెచ్చరికను తర్వాత మళ్లీ రాసి ఉంచారు: ఫిరంగి దాడి జరిగేటప్పుడు వీధిలో ఈ వైపు ఎక్కువ ప్రమాదం అని. మొదటి రోజు, నాకు ముఖాలు దొరకలేదన్న కోపంతో, దాని ముందు నుంచే నడిచిపోయాను.

చిల్లర లేదంది. చిల్లరకు బదులు ఇంకో కట్ట తీసి నా సంచిలో కుక్కింది. కొసరు! ఆ మాట రష్యన్‌లో ఏమంటారో గానీ, ఆ చెయ్యి మాత్రం అచ్చం మా నాయనమ్మదే. గోళ్లలో మట్టి, బొటనవేలికి ఆకుపసరు. ఆగలేక నాయనమ్మ గురించి ఫోన్‌కు చెప్పాను. ఆమెకున్న ఒకే ఒక్క ఫొటో ఏదో గుర్తింపు కార్డు కోసం తీసింది. నవ్వొద్దన్నారు, కొంగు సర్దుకునే టైమ్ కూడా ఇవ్వలేదు. పోయాక దాన్నే పెద్దది చేయించి దండ వేశాం. గోడ మీద నుంచి ఇప్పటికీ భయపడుతున్నట్టే చూస్తుంది.

అవ్వ ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని చివరిదాకా వింది. తర్వాత ఏమీ అనకుండా ఏప్రాన్ విప్పి మడతపెట్టింది. తలకు కట్టుకున్న రుమాలు విప్పి, నెరిసిన జుట్టు రెండు చేతులతో వెనక్కి దువ్వుకుని, మళ్లీ కట్టుకుంది. పక్కన పుట్టగొడుగులు అమ్మే పెద్దాయన "రాజ్ కపూర్!" అని నా వైపు చూసి ఏదో అనబోతే, "ఆగు" అన్నట్టు చెయ్యి చూపించింది. సోయకూర కట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, నిటారుగా కూర్చుని, నా వైపు చూసి తలూపింది. నవ్వలేదు. నవ్వమని నేనూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే ప్రింట్ వేయించి తీసుకెళ్లాను. చాలాసేపు చూసింది. "దోచ్కా," అంది. బిడ్డా అని. తర్వాత యాప్‌లో: "ఇంకొకటి కావాలి, మా చెల్లెలికి." మళ్లీ షాపుకు వెళ్లి రెండోది తెచ్చాను. డబ్బులు తీసుకోనంటే ఒప్పుకోలేదు. ఫొటోలను తడి తగలకుండా కవర్లో చుట్టి పెట్టె కింద దాచి, మూడు కట్టలు నా చేతిలో పెట్టింది.

హాస్టల్ గదిలో స్టవ్ లేదు. కింద దుకాణంలో కెఫీర్ కొన్నాను, మన పుల్ల మజ్జిగలాగే ఉంటుంది. ఉప్పు వేసి, సోయకూర తుంచి కలిపి, నల్ల రొట్టెతో తిన్నాను. గిన్నెకు అంటుకున్న ఆకులు కూడా వేలితో తీసుకుని తిన్నాను.