చల్లబడిపోయిన చేతికి కరెంటు చికిత్స: నా అనుభవం

పిండికట్టు విప్పేసరికి మణికట్టు ఎముక చక్కగా అతుక్కుంది. కానీ వేళ్లు మాత్రం ఎప్పుడు ముట్టుకున్నా చల్లగా, కొంచెం నీలంగా ఉండేవి. ఊరికే కూర్చున్నా అరచెయ్యి చెమటపట్టేది. చొక్కా అంచు తగిలినా భగ్గుమని మండేది. డాక్టరు పరీక్ష చేసి సి.ఆర్.పి.ఎస్. (కాంప్లెక్స్ రీజినల్ పెయిన్ సిండ్రోమ్) అన్నారు. ఈ జబ్బులో దెబ్బ మానినా నొప్పి పోదు. చెమటనూ రక్తనాళాల బిగువునూ మన ప్రమేయం లేకుండా నడిపే నాడీ వ్యవస్థ కూడా ఆ చోట గాడి తప్పుతుంది. నాళాలు బిగుసుకుపోతే చర్మానికి రక్తం తక్కువగా అందుతుంది, అందుకే ఆ చల్లదనం.

ఫిజియోథెరపిస్టు వ్యాయామాలతో పాటు టెన్స్ పెడతానన్నారు. అంటే చర్మం మీద ప్యాడ్లు అంటించి, వాటి ద్వారా సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే చికిత్స. ముందు వరసగా ప్రశ్నలు: గుండెలో పేస్‌మేకర్ ఉందా, ఎక్కడైనా రక్తం గడ్డకట్టిందా, ఫిట్స్ వస్తాయా? మెడ ముందువైపు ప్యాడ్ ఎప్పుడూ పెట్టకూడదని గట్టిగా చెప్పారు. రక్తపోటును పసిగట్టే నరాలు అక్కడ ఉంటాయి. అవి ప్రేరేపణకు గురైతే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇంట్లో సొంతంగా వాడేవాళ్లు ఈ ఒక్క మాటైనా గుర్తుంచుకోవాలని నా మనవి.

నా చెయ్యి తాకనిచ్చేది కాదు కాబట్టి ప్యాడ్లు ముంజేతి మీద, పైకి అంటించారు. సుమారు 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు వంద కరెంటు తాకిళ్లతో, సన్నగా జుమ్ముమంది. కాసేపటికి మంట తగ్గింది. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుకట్ట పడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే నొప్పి పరిశోధకులు ప్రతిపాదించారు. టెన్స్ పుట్టుకకు ఆ ఆలోచనే ఆధారం.

నొప్పి తగ్గింది సరే, వేళ్లు చల్లగానే ఉన్నాయేమిటని అడిగాను. "జుమ్ముమనేంత కరెంటుతో రక్తప్రసరణ పెద్దగా మారదండీ, కండరం కదలాలి" అన్నారావిడ. తర్వాతి వారాల్లో నొప్పి కాస్త అదుపులోకి వచ్చాక వేగం 2 నుంచి 4 హెర్ట్జ్‌కు దించి, కరెంటు మోతాదు పెంచారు. నేను కదపకుండానే మధ్యవేలు టక్ టక్‌మని ఎగరడం మొదలైంది! కండరం బిగిసినప్పుడల్లా సిరల్లోని రక్తం గుండె వైపు నెట్టబడుతుంది, పనిచేసే కండరానికి కొత్త రక్తం ఎక్కువగా వస్తుంది. ప్యాడ్లు తీశాక రెండు చేతుల వెనకవైపూ పట్టి చూశారు. తేడా పూర్తిగా పోలేదు కానీ ముంజెయ్యి గోరువెచ్చగా తగిలింది.

రక్తప్రసరణ పెంచి సర్వరోగాలూ పోగొడతామనే మిషన్ల ప్రకటనలు చూస్తే నాకు కోపం వస్తుంది. నా విషయంలో కరెంటు చేసిన అసలు మేలు, నొప్పి సద్దుమణిగిన ఆ కాస్త వ్యవధిని నాకివ్వడం. ఆ వ్యవధిలోనే పిడికిలి బిగించడం, దూదితో మొదలెట్టి గరుకు తువ్వాలు దాకా చర్మానికి స్పర్శ అలవాటు చేయడం, అద్దం ముందు మంచి చేతిని కదుపుతూ చూడడం సాధ్యమయ్యాయి.

ఇప్పుడు చొక్కా చేతుల బొత్తాలు పెట్టుకోగలుగుతున్నాను. చలిగా ఉన్న రోజున వేళ్లు ఇంకా రంగు మారతాయి. అప్పుడు ముందు వ్యాయామం చేస్తాను, మంట ఎక్కువైతేనే టెన్స్ పెట్టుకుంటాను.