కుండీలో కుళ్లిపోతున్న కలబందని బతికించుకున్నాను

కలబంద ఆకులు సన్నబడి లోపలికి ముడుచుకుంటే దానికి దాహం వేసిందనుకుంటాం. నిజమే, దాహమే. కానీ ఆ దాహం మట్టిలో నీళ్లు లేక వచ్చిందా, ఉన్న నీళ్లు తాగడానికి వేళ్లు లేక వచ్చిందా అన్నది చూడాలి. చూడకుండా చెంబుడు నీళ్లు పోస్తే, మూలన పడి ఎలాగో బతుకుతున్న మొక్క కూడా ఆ చెంబుతోనే పోతుంది. మాకు దొరికిన కలబందకి వేళ్లే లేవు. దాన్ని ఎలా నిలబెట్టుకున్నానో వివరంగా రాస్తున్నాను, ఇలాంటి మొక్క ఇంకెవరి ఇంట్లోనైనా ఉంటే పనికొస్తుందని.

శ్రావణమాసంలో రాజమండ్రిలో ఈ అద్దె ఫ్లాట్‌కి వచ్చాం. ముందున్నవాళ్లు వెనక బాల్కనీలో వదిలేసిన సామానులో ఒక పింగాణీ కుండీ, అందులో ఈ కలబంద ఉన్నాయి. ఏసీ నీళ్లు బయటికొచ్చే పైపు సరిగ్గా ఆ కుండీ పైనే ఉంది. ఎండాకాలమంతా రాత్రింబవళ్లు ఆ చుక్కలు దాన్లోనే పడి ఉంటాయి. ఏసీ ఆగేసరికి వానలు అందుకున్నాయి. కుండీకి అడుగున చిల్లు లేదు. మట్టి పైన పాకుడు పట్టి ఉంది. అడుగున ఉన్న ఆకులు నీళ్లు నింపిన పాలిథిన్ సంచిలా వేలాడుతున్నాయి, తాకితే చేతికి ఊడి వచ్చాయి, వాసన కూడా వచ్చింది. పై ఆకులు మాత్రం పలచబడి, అంచులు లోపలికి తిరిగిపోయాయి. అడుగున నీళ్లు ఎక్కువై కుళ్లు, పైన నీళ్లు అందక వాడిపోవడం. ఒకే మొక్కలో ఈ రెండూ ఎలా వచ్చాయా అని మొదట అర్థం కాలేదు.

తర్వాత తెలిసింది. వేళ్లకి నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే ఖాళీల్లో నీళ్లు నిండిపోతే గాలికి చోటుండదు, వేళ్లు చచ్చిపోతాయి, వాటికి బూజు పట్టి ఆ కుళ్లు కాండం లోకి ఎక్కుతుంది. వేళ్లు పోయాక కుండీ నిండా నీళ్లున్నా మొక్కకి చుక్క అందదు. ఆకుల్లో దాచుకున్న నీళ్లనే వాడుకుంటూ బతుకుతుంది, అందుకే పై ఆకులు పలచబడతాయి. అది చూసి మనం ఇంకా నీళ్లు పోస్తాం.

మధ్యలో మొవ్వు మాత్రం గట్టిగా, పచ్చగా ఉంది. దాన్ని పారెయ్యబుద్ధి కాలేదు.

రాజమండ్రిలో ఉంటే ఒక సుఖం, కడియం నర్సరీలు దగ్గరే. మట్టి కుండీ కొనడానికి కడియపులంక వెళ్లినప్పుడు అక్కడ పనిచేసే ఒక పెద్దాయనకి ఫోన్లో ఫోటో చూపించాను. ఆయన ఫోటో కన్నా ముందు అడిగింది మొవ్వు గురించే.

"మొవ్వు లాగితే ఊడి వస్తోందాండి?"

"లేదండి, గట్టిగానే ఉంది."

"అయితే భయం లేదండి. కుళ్లంతా కోసెయ్యండి, తెల్లగా శుభ్రంగా కనపడేదాకా కొయ్యాలి. జాలిపడి మిగిల్చారంటే అక్కణ్ణుంచే మళ్లీ మొదలెడుతుందండి. కోశాక వెంటనే మట్టిలో పెట్టకండి."

ఇంటికొచ్చి కుండీని పక్కకి వాల్చి మొక్కని బయటికి తీశాను. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పై పొర జారిపోయి లోపలి దారంలాంటి నార మిగిలింది. అంటే ఆ వేరు అయిపోయినట్టే. బతికున్న వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది. ఈ మొక్కకి అలాంటిది ఒక్కటీ లేదు. కత్తిని శానిటైజర్‌తో తుడిచి కాండాన్ని కింద నుంచి పలచటి బిళ్లలుగా కోస్తూ వెళ్లాను. ప్రతిసారీ మధ్యలో గోధుమరంగు మచ్చ కనపడుతూనే ఉంది. అది కనిపించినంతసేపూ కొయ్యాల్సిందే, ప్రతి కోతకీ కత్తి తుడవాల్సిందే. మొక్కలో సగం బుట్టలోకి పోయింది. చివరికి బొటనవేలంత కాండం ముక్క, దానిపైన నాలుగైదు ఆకులు, మొవ్వు మిగిలాయి. కోతకి కాస్త పసుపు రాశాను. మా అమ్మ ఏ కొమ్మ కోసినా రాస్తుంది, ఆ అలవాటు.

పాత కుండీ అంచున రెండు పిలకలు కూడా ఉన్నాయి. ఒకటి అప్పటికే మెత్తబడింది. రెండోదానికి సొంత వేళ్లు నాలుగు తెల్లగా ఉన్నాయి. దాన్ని వేరుగా తీసిపెట్టాను. పెద్దది పోయినా ఇదైనా దక్కుతుందన్న ధైర్యం.

ఇక ఆరబెట్టడం. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే, ఓపిక కావాల్సిందీ ఇక్కడే. కోసిన చోట తడి ఆరి పైన గట్టి పొర కట్టాలి. ఆ పొర కట్టకముందే మట్టిలో పెడితే పచ్చి పుండుకి మట్టి పూసినట్టే. ఎండాకాలమైతే త్వరగానే కడుతుంది. శ్రావణంలో గోదావరి గాలికి అప్పడమే ఆరదు, కలబంద కాండం ఎక్కడ ఆరుతుంది? హాల్లో ఎండ తగలని చోట, ఫ్యాను గాలి వచ్చేలా పేపరు మీద పక్కకి పడుకోబెట్టాను. వారం దాటాక గానీ కోత ముట్టుకుంటే పొడిగా, గట్టిగా తగల్లేదు.

ఈలోగా మా ఓనర్ ఆంటీ వచ్చి చూసి కంగారుపడ్డారు. "అదేంటమ్మా, మట్టి లేకుండా ఇన్ని రోజులా? చచ్చిపోదూ?" అన్నారు. ఆవిడ గుమ్మం మీద దిష్టికి కట్టిన కలబంద ఉంది, తలకిందులుగా, నల్లతాడుతో. గృహప్రవేశం నాడు కట్టిందట. మట్టీ నీళ్లూ లేకపోయినా మొవ్వు పైకి వంపు తిరిగి పెరుగుతోంది. "దానికన్నా ఇది నయం కదా ఆంటీ" అన్నాను. ఆవిడ వెనక్కి వెళ్లి తన గుమ్మం వైపు ఒకసారి చూసుకుని వచ్చారు.

అది మహిమేమీ కాదు, దాని ఒంటి తీరే అంత. మామూలు మొక్కలు పగలు ఆకుల మీది సన్న రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి, ఆ దారినే నీళ్లు ఆవిరైపోతాయి. కలబంద ఎండ వేళ వాటిని మూసుకుని రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. ఆకులోని జిగురు గుజ్జు నీళ్లని పట్టి ఉంచుతుంది. అరేబియా ద్వీపకల్పంలోని ఎండు కొండల్లో పుట్టిన మొక్క అది. కరువుకి తయారై ఉంది, వరదకి కాదు.

అందుకే మట్టి కలిపేటప్పుడు మన గోదావరి ఒండ్రు మట్టిని దగ్గరికి రానివ్వలేదు. అది తడిస్తే ముద్ద కడుతుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, బరక ఇసుక రెండు పాళ్లు, చిదిపిన ఇటుక ముక్కలు ఒక పాలు, గుప్పెడు వర్మీ కంపోస్టు వేశాను. ఇసుక జల్లెడ పట్టి, కిందికి రాలిన పొడి పారేసి, పైన నిలిచిన గింజ ఇసుకే వాడాలి. సన్న ఇసుక మట్టిని ఇంకా బిగిస్తుంది. నర్సరీ కవర్లలో వచ్చే మొక్కల్లో కొన్నిటికి కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, ఉంటుంది. రవాణాకి తేలికే గానీ అది నీళ్లని చాలాకాలం పట్టి ఉంచుతుంది, కలబందకి నేను వెయ్యను. కుండీ మట్టిదే, అడుగున చిల్లు, చిల్లు మీద పెంకు ముక్క. మొక్క చిన్నదైనప్పుడు కుండీ కూడా చిన్నదే ఉండాలి, పెద్ద కుండీలో వేళ్లు చేరని మట్టి తడిగా ఉండిపోతుంది.

పొడి మట్టిలోనే పెట్టాను. వేళ్లు లేవు కాబట్టి ఊగిపోకుండా చుట్టూ గులకరాళ్లు పేర్చాను. ఇంకో వారం పైన నీళ్లు పొయ్యలేదు. ఆ రోజుల్లో నాకు నిజంగా టెన్షన్‌గానే ఉండేది, ఆకులు ఇంకా పలచబడుతుంటే చెయ్యి ఊరుకునేది కాదు. తర్వాత ఒకసారి చిల్లులోంచి కారేదాకా నీళ్లు పోసి వదిలేశాను. మళ్లీ పొయ్యాలా వద్దా తెలుసుకోవడానికి కొబ్బరి చీపురు పుల్ల ఒకటి కుండీ పక్కనే ఉంచాను. అడుగుదాకా గుచ్చి తీస్తే మట్టి అంటుకు వచ్చిందంటే వద్దు, పొడిగా వస్తేనే నీళ్లు. వారానికి ఒకసారి అనే లెక్క మన ఊళ్లలో పనికిరాదు. మే నెలలో వారానికే ఎండిపోతుంది, భాద్రపదంలో మూడు వారాలైనా తడి ఉంటుంది.

దసరా నాటికి మెల్లగా లాగి చూస్తే మొక్క కదల్లేదు, అంటే వేళ్లు పట్టాయి. కార్తీకంలో మొవ్వులోంచి కొత్త ఆకు లేచింది. సంక్రాంతికి పాత ఆకులు కూడా మళ్లీ నిండుగా అయ్యాయి.

నీడలో ఉన్న మొక్కని ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. తూర్పు కిటికీ దగ్గర పొద్దుటి ఎండతో మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచాను. అయినా ఆకులు కాస్త ఎర్రబడ్డాయి. అది ఎండని తట్టుకోవడానికి తెచ్చుకునే రంగు, నీడ తగిలితే మళ్లీ పచ్చబడుతుంది. రోహిణి కార్తెలో మాత్రం మధ్యాహ్నం ఎండ పడని చోటికి జరిపేశాను. ఎండాకాలంలో ఆకుల సందుల్లో తెల్లటి దూదిలా పిండినల్లి కనిపించింది, చీమలు తిరుగుతుంటే చూశాను. దూదిపుల్లని స్పిరిట్‌లో ముంచి తుడిచి, రెండు రోజులాగి సాయంత్రం పూట వేపనూనె, సబ్బునీళ్లు కలిపి చల్లితే పోయింది. ఇప్పుడు వానలకి కుండీ సన్‌షేడ్ కిందే ఉంటుంది, కింద పళ్లెం తీసేసి రెండు ఇటుక ముక్కల మీద పెట్టాను.

మొక్క నిండుగా కనపడగానే ఆకులు అడిగేవాళ్లు మొదలయ్యారు, జుట్టుకని, మొహానికని. కోలుకున్న మొక్క నుంచి ఏడాది దాకా కొయ్యలేదు. ఇప్పుడు కోస్తే బయటి ఆకు ఒక్కటే, మొదలు దగ్గర కోసి, కాసేపు నిలబెట్టి పసుపుపచ్చ సొన కారిపోయాక ఇస్తాను. ఆ సొన ఎండితేనే ముసాంబరం, చర్మానికి దురద పెట్టవచ్చు, కడుపులోకి వెళ్తే విరేచనాలు. ఆకు పాతిపెడితే మొక్క వస్తుందా అని కూడా అడుగుతారు. రాదు, కుళ్లిపోతుంది. మొక్క కావాలంటే పిలకే కావాలి, అదీ జానెడు పెరిగి సొంత వేళ్లు వచ్చాకే విడదియ్యాలి. ఆనాడు తీసిపెట్టిన చిన్నపిలక ఇప్పుడు తల్లిని దాటి పెరిగింది. దాని చుట్టూ మూడు పిలకలున్నాయి, ఒకటి ఓనర్ ఆంటీకి చెప్పి ఉంచాను, ఈసారి కుండీలో పెట్టుకుంటానన్నారు.

వచ్చే నెల పది రోజులు ఊరెళ్తున్నాం. పక్కింటివాళ్లకి తాళం ఇచ్చి తులసికీ మందారానికీ నీళ్లు పొయ్యమన్నాను. కలబంద కుండీ మాత్రం వాళ్ల చేతికి అందకుండా లోపలి కిటికీలో పెట్టి వెళ్తాను.